ఇనుమును కెలికే కట్టె

ముందుగా ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా కళ్లజోడు మీద ఒట్టేసి చెబుతున్నాను. అది పగిలితే నాకు మైక్రోమీటరు మీద గీతలు కనబడవు, గీతలు కనబడకపోతే పని లేదు. అలాంటి వస్తువు మీద దొంగ ఒట్టు వేసేంత తెలివితక్కువవాణ్ణి కాను. మదనపల్లెలో నా మాట నమ్మేవాళ్లు తక్కువ. టమోటా మండీలో నా గురించి ఎవరినైనా అడగండి, "ఆయప్ప సెప్పిందాంట్లో సగం తీసెయ్, మిగిలిందాంట్లో సగం నమ్ము" అంటారు. ఆ లెక్కన చూసినా ఈ కథలో పావు వంతు నిజమని మండీవాళ్లే ఒప్పుకున్నట్టు.

నాకు ఒక లేత్ షాపు ఉంది. ఒక లేత్, రెండు వెల్డింగ్ సెట్లు, ఒక మిల్లింగ్ మిషన్. పెద్దతిప్పసముద్రం దాకా ట్రాక్టర్లకు విరిగిన షాఫ్టులన్నీ నా గడపకే వస్తాయి. మిల్లింగ్ మిషన్ మాత్రం బెంగళూరులో మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి పాతసామాను కింద తెచ్చింది. తెచ్చిన రోజు నుంచీ దాని గురించి నేను రెండు మాటలు చెబుతూ వచ్చాను. ఒకటి, అది రాకెట్ విడిభాగాలు చేసిన మిషన్ అని. రెండు, దాని స్పిండిల్ వెంట్రుక మందం కూడా ఊగదని. స్పిండిల్ అంటే పనిముట్టును పట్టుకుని గిరగిర తిప్పే ఇరుసు. అది నిక్కచ్చిగా ఉన్నచోటే తిరగాలి, పక్కకు జరగకూడదు. రాకెట్ మాట ఎవరూ నమ్మలేదు. రాకెట్ మాటకు నవ్వే హడావిడిలో వెంట్రుక మాట మాత్రం అందరూ నమ్మేశారు. ఇది నేను ఎంతో సాధన మీద నేర్చుకున్న విద్య, ఉచితంగా చెబుతున్నాను.

అలా నమ్మినవాళ్లలో మా అక్క కూతురు ఒకతె. ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అయిదేళ్లుగా డాక్టరేట్ కోసం పరిశోధన చేస్తోంది. ఈ అయిదేళ్లలో పెళ్లిళ్లలో, గృహప్రవేశాలలో ఎక్కడ కనబడినా నేను అడిగింది ఒకటే, "ఎప్పుడైపోతాది?" అని. ఏం పరిశోధన అని ఒక్కసారీ అడగలేదు. బంధువులకు చదువు మీద ఉండే ఆసక్తి అంతకు మించి ఉంటే అది ఆరోగ్యానికి మంచిది కాదు.

ఒక సోమవారం పొద్దున ఆమె షాపుకు వచ్చింది. చేతిలో సంచి, సంచిలో ఉక్కు రేకులు.

"మామా, నీ మిల్లింగ్ మిషన్ నాకు పదైదు దినాలు కావల."

"రాకెట్ చేస్తావా?"

"రాకెట్ వద్దులే. రెండు రేకులు అతకాల."

"దానికి మిల్లింగ్ మిషన్ యాలమ్మా? ఈడ వెల్డింగ్ సెట్టు ఉండాది. నువ్వు టీ తాగేలోపల అతికిచ్చి ఇస్తా."

"కరిగించకుండా అతకాల మామా."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ముప్పై ఏళ్లుగా ఇనుము కరిగించి బతుకుతున్నవాడి ముందు, కరిగించకుండా అతకాలనడం ఒక రకంగా అమర్యాద. అయినా మేనకోడలు కాబట్టి విన్నాను.

ఆమె చెప్పింది ఇది. రెండు రేకుల్ని పక్కపక్కన ఆనించి కదలకుండా బిగిస్తారు. ఆ సందు మీదికి గిరగిర తిరిగే పనిముట్టును దించుతారు. దాని అడుగున గుండ్రటి భుజం, భుజం నడుమ పొట్టి మొన. భుజం రాపిడికి లోహం వేడెక్కి మెత్తబడుతుంది, కరగదు. మొన ఆ మెత్తటి లోహంలో మునిగి ఇటుది అటు, అటుది ఇటు కలిపేస్తుంది. అలా తిరుగుతూనే పనిముట్టు సందు వెంబడి ముందుకు పోతే, వెనకాల అతుకు మిగులుతుంది. అల్యూమినియం రేకుల్ని ఇలాగే అతుకుతున్నారట. చిక్కల్లా ఉక్కుతోనే.

"అంటే సంగటి," అన్నాను.

"ఏంది?"

"రాగిసంగటి. ఎసట్లో పిండేసి కట్టెతో కెలకతారు గదా. పిండి కరిగిపోదు, మెత్తబడి ఒకదాంతో ఒకటి కలిసిపోతాది. నువ్వు సెప్పేది కెలుకుడు వెల్డింగు."

ఆమె ఒక నిమిషం నా వంక చూసి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది. డాక్టరేట్ నా నోటి నుంచే మొదలైందని నేను ఆరోజే ఊళ్లో చెప్పాను.

మా ఇల్లు షాపు వెనకే. మధ్యాహ్నం మా ఆవిడతో కూడా చెప్పాను, ఇంగ్లీషులో మూడు మాటల పేరున్న విద్యకు నేను ఒక్క క్షణంలో తెలుగు పేరు పెట్టానని. ఆమె సంగటి ముద్ద కంచంలో వేస్తూ, "కెలుకుడా? మనుషుల్ని కెలకడంలో నిన్ను మించినోళ్లు జిల్లాలో యాడుండారు? ఇంక ఇనుము మీద పడినావా?" అంది. చదువుకోని మనిషి, అయినా పరిశోధనాంశం వెంటనే పట్టుకుంది.

సంగటికి కట్టె ఎలాంటిదైనా ఫరవాలేదు. ఉక్కుకు కట్టెదే మొత్తం సమస్య. ఉక్కు కెలకడానికి మెత్తబడాలంటే ఎర్రగా కాలాలి. అంత వేడిలో దాన్ని కెలికే కట్టె మాత్రం గట్టిగా ఉండాలి, అరగకూడదు, పగలకూడదు, రేకుకు అంటుకోకూడదు. ఏ సరుకుతో చేసిన కట్టె ఉక్కుకు తట్టుకుంటుంది అన్నదే మా మేనకోడలి పరిశోధన. అయిదేళ్లు. ఒక్క కట్టె కోసం.

"నెలాఖరుకు గడువు అయిపోతాండాది మామా," అంది. "రెండుసార్లు పొడిగించినారు, ఇంక ఇయ్యరు. అది దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు. డాక్టరేట్ లేనోళ్లను వచ్చే సంవత్సరం పెట్టుకోమని కాలేజీలో సెప్పేసినారు. మా ల్యాబులో మిషన్ అల్యూమినియంకే మూలగతాది, ఉక్కు పెడితే మోటారు ఆగిపోతాండాది. ఊర్లో ఇంత బరువైన మిషన్ నీ దగ్గరే ఉండాది."

"వెంట్రుక మందం కూడా ఊగదు," అన్నాను. నోరు అలవాటు పడిపోయింది.

"తెలుసు మామా. అందుకే గదా వచ్చింది."

ఆమె మూడు కట్టెల్ని పోల్చాలి. మొదటిది అచ్చులు చేసే గట్టి ఉక్కు, అల్యూమినియానికి వాడేది. రెండోది టంగ్‌స్టన్ కార్బైడ్. మూడోది క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ అనే నల్లటి ముక్క. వజ్రం తర్వాత అంత గట్టి సరుకు లేదట. అది ఆమె దగ్గర ఒక్కటంటే ఒక్కటే ఉంది, ఎక్కడో ల్యాబు నుంచి వాళ్ల గైడు అరువు తెచ్చి ఇచ్చాడు. చెవికమ్మల డబ్బాలో దూది పరిచి పెట్టుకుంది. గట్టిదే గానీ పెళుసు. కాస్త ఊగినా, తగిలినా పుటుక్కుమంటుంది. పగిలితే ఇంకోటి లేదు, తెప్పించే వ్యవధీ లేదు.

"నాలుగో రకం కూడా ఉండాది, టంగ్‌స్టన్‌లో రీనియం కలిపింది," అంది. "అది పగలదు, కాకపోతే కొంచిం అరగతాది. మా స్టోర్స్ ఆయన్ని అడిగితే, రీనియమా, రేణిగుంటలో దొరకతాదేమో సూడమ్మా అన్నాడు." అందువల్ల ఆమె పరిశోధనలో రకాలు మూడే.

మొదటి కట్టెను మేమే లేత్ మీద తయారుచేశాం. మిషన్‌కు బిగించి రేకు మీదికి దించాం. మొదట పొగ, తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఒక ఏడుపు లాంటి శబ్దం. పైకి లేపి చూస్తే మొన లేదు. భుజం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది. మొన ఎక్కడని వెతికితే రేకులో కలిసిపోయింది. సంగటి కెలకబోతే కట్టే ఉడికి ముద్దలో కలిసిపోయిందన్నమాట. నేను నీరసపడ్డాను. ఆమె మాత్రం దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని, "మంచిగా వచ్చినాది మామా," అంది.

"ఏం మంచి? నాశనమైపోతే."

"ఎట్ట నాశనమైందో సెప్పడమే గదా పని."

నా షాపులో ఇలాంటివి రోజుకు రెండు పాడవుతాయి. నన్ను ఎవరూ డాక్టరు అనలేదు.

రెండో కట్టె కార్బైడ్. ఆమె ఆర్డరు పెట్టిన ముక్క రావడానికి ఆరు వారాలంటున్నారు. నెలాఖరుకు రెండు వారాలుంది. అప్పుడు నాకు కుప్పం గుర్తొచ్చింది. అక్కడ గ్రానైట్ బండకు బెజ్జాలు వేసే పెద్ద డ్రిల్లు బిట్ల మొహాన బొటనవేలంత లావు బొత్తాలు ఉంటాయి, అవి కార్బైడ్. బిట్టు అరిగితే మూల పడేస్తారు.

ఇద్దరం నా మోటారు సైకిలు మీద బయలుదేరాం. కుప్పంలో నాకు తెలిసిన గ్రానైట్ యార్డు మేస్త్రీ ఉన్నాడు, శాంతిపురం మనిషి. ఆయన మాట తెలుగులో బయలుదేరి, తమిళంలో మలుపు తిరిగి, కన్నడంలో ఆగుతుంది. దారిలో ఎక్కడ ఎక్కాలో మనం చూసుకోవాలి.

"వాంగన్నా, వాంగ. ఏం దారి తప్పి వచ్చినారు? పాపెవరు?"

"మా అక్క కూతురప్పా. ఇనుమును కెలకతాండాది. గట్టి కట్టె కావల."

మేస్త్రీ ఆమె వంక జాలిగా చూశాడు. నాతో వచ్చినవాళ్లను అందరూ అలాగే చూస్తారు. ఆమె విషయం వివరించగానే ఆయనకు హుషారొచ్చింది. రాయి కోసే రంపానికి ఉండే వజ్రపు ముక్క ఒకటి తెచ్చి, "ఇది పెట్టమ్మా. కొండనే కోస్తాది, నీ రేకెంత?" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. వజ్రం ఉండగా ఆ నల్ల ముక్కకు దూది పరుపెందుకు?

"కాదన్నా," అంది ఆమె. "వజ్రం అంటే బొగ్గే గదా. ఎర్రగా కాలిన ఇనుముకు బొగ్గు దొరికితే తినేస్తాది. రాయి తినదు, ఇనుము తింటాది. అందుకే ఉక్కుకు వజ్రం పనికిరాదు."

మేస్త్రీ ఆ వజ్రపు ముక్కను తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఇంతకాలం తనను మోసం చేసినదాన్ని చూసినట్టు. ఆ తర్వాత మూలనున్న గుట్టలోంచి రెండు అరిగిన బిట్లు తీసి ఇచ్చాడు. "ఎడుత్కోమ్మా, పరవాగిల్లా," అని మూడు భాషలూ ఒకే ఊపిరిలో పూర్తిచేశాడు.

బొత్తాలు దొరికాయి, వాటిని కట్టెగా చెక్కాలి. కార్బైడ్‌ను చెక్కడానికి వజ్రపు చక్రం కావాలి. అది మా చుట్టుపక్కల పుంగనూరులో ఒక్క భాయ్ దగ్గరే ఉంది. అరవై దాటిన మనిషి. కట్టర్లకు, డ్రిల్లు బిట్లకు సాన పట్టడమే ఆయన పని. ఆయన వీధిలోకి బయటి ఊరివాళ్లు వచ్చేది పొట్టి ఆవులు ఎక్కడ కనబడతాయని అడగడానికే. మేం వెళ్లగానే కన్నెత్తకుండా, "ఆవులు ఈడ లేవప్పా," అన్నాడు.

"భాయ్, నేను."

"నువ్వా. అయితే ఆవులు ఉన్నాయని సెప్పేసి పంపించాల్సింది."

రెండు బొత్తాలకూ భుజం, మొన తీర్చాడు. ఒక పూటంతా పట్టింది. ఆ చేతుల పనిలో తొందర లేదు, మాట కూడా లేదు. అంతా అయ్యాక ఆమెతో మాత్రం చెప్పాడు, "బేటీ, దీనికి వేడి కొత్త కాదు, చలి కొత్త కాదు. రెండూ ఒకేసారి వస్తే నక్కో, వద్దు అంటాది. పగిలిపోతాది. యాద్ పెట్టుకో." ఆమె తల ఊపింది. నేనూ ఊపాను. నేను తల ఊపడమంటే వినడం కాదని భాయ్‌కి తెలియదు.

మర్నాడు మొదటి బొత్తం బిగించాం. మిషన్ తిరిగింది. మొన రేకులోకి దిగింది. ఎర్రటి ఉంగరం లాగా లోహం మెత్తబడింది. కట్టె కదలకుండా నిలబడింది. ఆమె చూపంతా మొన మీదే ఉంది. నేను ఆ ఎరుపు చూశాను. ఇంత కాలమూ అంత ఎరుపు కనబడినప్పుడల్లా నా కుడిచేయి ఒకటే పని చేసింది. సరిగ్గా అదే చేసింది. పనిముట్టును చల్లబరిచే కూలెంటు కుళాయి తిప్పింది.

తెల్లటి నీళ్లు ధారగా పడ్డాయి. టప్‌మని ఒక్క చప్పుడు. బొత్తం మూడు ముక్కలు.

ఆమె మిషన్ ఆపింది.

"మామా, నీళ్లు యాల వదిలినావు?"

"సంగటి ముద్ద సేసేటప్పుడు చెయ్యి తడుపుకోవాల గదమ్మా. లేకపోతే అంటుకుంటాది."

ఇది తమాషాకు అన్నమాట కాదు. నిజంగానే నా బుర్రలో ఆ క్షణాన అదే ఉంది. నేను పెట్టిన పేరు మీద నాకు అంత గర్వం. సంగటి అన్నాక తడిచేయి ఉండాలి, అంతే. ఈ పొరపాటు సంగటి తినని దేశంలో ఎవడూ చేయడు.

ఆమె ఆ మూడు ముక్కల్నీ ఏరి ఫోటోలు తీసుకుంది. ఇలా పగలడానికి ఏదో పెద్ద పేరు ఉందట. వేడి మీద ఉన్నట్టుండి చలి తగలడం వల్ల అని గౌరవంగా రాసుకుంది. ఎవరి వల్ల అని రాయలేదు.

రెండో బొత్తానికి నన్ను కుళాయికి ఆరడుగుల దూరంలో నిలబెట్టింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకోమంది. రేకుల్ని ముందుగా వెచ్చబెట్టి, కట్టెను నిదానంగా దించి, ముందుకు నడిపించింది. జానెడు దూరం అతుకు పడింది. చేపపొలుసుల్లాగా వరసగా చారలు, వెనకనుంచి చూస్తే రెండు రేకులని తెలియదు. ఆమె మొహం ఆ నెలలో మొదటిసారి వెలిగింది. తర్వాత కట్టెను లేపింది. మొన ఒక పక్కన చితికి ఉంది. ఒక్క పక్కనే.

"వేడికి పోయిందేమో," అన్నాను.

"అట్టనే ఉండాది," అంది. కానీ ఆమె చూపు ఆ చితికిన చోటే ఆగిపోయింది. మిగిలింది ఇక చెవికమ్మల డబ్బాలోదే. నెలాఖరుకు తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం ఆమె కాలేజీకి వెళ్లింది. భాయ్‌కి చూపిస్తానని ఆమెతో చెప్పి, నేను చితికిన బొత్తం జేబులో వేసుకుని ఒక్కణ్ణే పుంగనూరు పోయాను. భాయ్ దాన్ని కంటికి అద్దం పెట్టుకుని చూశాడు. ఎంతసేపు చూశాడంటే, ఆలోపు నేను మూడు అబద్ధాలు తయారు చేసుకున్నాను.

"ఇది వేడికి పోయింది కాదప్పా," అన్నాడు. "వేడికి పోతే చుట్టూ పోతాది. ఇది ఒకే పక్క తగిలి తగిలి పోయింది. నీ స్పిండిల్ ఊగతాండాది."

"రాకెట్..."

"రాకెట్ వదిలెయ్. పాపకు సెప్పినావా?"

నేను బొత్తం ఇమ్మని చేయి చాపాను.

"కార్బైడ్ కాబట్టి జానెడన్నా నడిచినాది. ఆ నల్లది పెడితే దిగేటప్పుడే పోతాది. సెప్పు ఆ బేటీకి."

ఆయన అంతకన్నా ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నాతో నేనే మాట్లాడుకున్నాను. పదేళ్లుగా ఆ స్పిండిల్ ఊగుతున్నట్టు నాకు తెలుసు. ట్రాక్టర్ షాఫ్టుకు ఆ ఊపు కనబడదు. కనబడని దాన్ని లేదనడం అబద్ధమా అని చాలా లోతుగా ఆలోచించాను. ఇలాంటి ఆలోచనలకు మోటారు సైకిలు మంచిది, ఎవరూ అడ్డు చెప్పరు.

మర్నాడు పొద్దున ఆమె డబ్బా తెరిచింది. నల్ల ముక్కను దూదిలోంచి తీసి హోల్డరులో బిగించబోతోంది. నేను నిలబడి, గొంతు సవరించుకుని, చెప్పేశాను.

"అమ్మా, ఆపు. స్పిండిల్ ఊగతాండాది. పదేండ్లుగా ఊగతాండాది. నేను నీతో అబద్ధం సెప్పినాను."

ఆమె నవ్వింది. "పొద్దున్నే మొదలుపెట్టినావా మామా. నన్ను భయపెట్టొద్దు, చేతులు వణకతాయి."

"నిజంగా."

"రాకెట్ కూడా నిజమేనా?"

చూశారా, నా కర్మ. జన్మలో ఒకసారి నిజం చెబితే దానికి సాక్ష్యం కావాలి. డయల్ గేజి తెచ్చాను. అది కదలికను ముల్లుతో చూపించే పరికరం. దాన్ని స్పిండిల్‌కు ఆనించి, చేత్తో ఒక చుట్టు తిప్పాను. ముల్లు ఆగిపోయిన గడియారంలా నిలబడాల్సింది పోయి, జాతరలో పూనకం వచ్చినవాళ్లలా ఊగింది. ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ నల్ల ముక్కను హోల్డరులోంచి తీసి, రెండు చేతులతో దూదిలో పెట్టి, డబ్బా మూసింది.

ఆ రోజే బెంగళూరు నుంచి స్పిండిల్‌కు కొత్త బేరింగులు తెప్పించాను. పుంగనూరు భాయ్ వచ్చాడు. మిషన్ తల విప్పి, పాత బేరింగుల్ని బయటికి తీస్తే, లోపల ఎండిన గ్రీజు మట్టిలా గట్టిపడి ఉంది. భాయ్ దాన్ని వేలితో గీకి, "ఇదేందప్పా, రాకెట్ ఇంధనమా?" అని అడిగాడు. ఆ మాట ఆయన ఇప్పటికీ పుంగనూరులో అందరికీ చెబుతున్నాడు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు డయల్ పెడితే ముల్లు కదలలేదు. నేను చెబుతూ వచ్చిన మాట నిజం కావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు నల్ల ముక్కను దించాం. నా చేతులు వెనక్కి ఉన్నాయి, ఎవరూ చెప్పకుండానే. మా ఆవిడ కూడా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. మొన రేకును తాకింది. ఎరుపు లేచింది. చప్పుడు లేదు, వణుకు లేదు. పనిముట్టు సందు వెంబడి ముందుకు పోయింది, జానెడు, రెండు జానలు, చివరిదాకా. ఆమె పైకి లేపింది. మొన అలాగే ఉంది, పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే.

చల్లారాక అతుకు అడ్డంగా ఒక పట్టీ కోసి, వైసులో బిగించి, సుత్తితో కొట్టి గుర్రపులాడంలా వంచాం. అతుకు విచ్చలేదు. ఆమె ఆ వంగిన ముక్కను పట్టుకుని కిందనే కూలబడింది. ఏడుస్తోందని మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. "ఇనుప సంగటి బాగా ఉడికినట్టుండాది," అంది. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

గడువు లోపల పరిశోధన పుస్తకం ఇచ్చేసింది. నాలుగు నెలలకు డాక్టరైంది. ఉద్యోగం నిలిచింది.

ఒట్టు వేసి మొదలుపెట్టాను కాబట్టి ఇక ఒక మాట ఒప్పుకోవాలి. దీంట్లో నేను కల్పించింది ఒక చోటు ఉంది. కుప్పం మేస్త్రీ మూడు భాషలు నిజం. కూలెంటు నిజం, అది కల్పించుకునే పని కూడా కాదు. భాయ్ చెప్పింది అక్షరాలా నిజం. కల్పించింది ఆ తర్వాతి పొద్దు. నేను లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఆపమ్మా అన్న భాగం.

నేను ఏమీ అనలేదు. భాయ్ ఏమన్నాడని ఆమె అడిగితే, "కుప్పం సరుకు నాసిరకమంట," అన్నాను. ఆమె డబ్బా తెరిచింది. నల్ల ముక్కను తీసి హోల్డరులో బిగించింది. నేను మోటారు బెల్టు మూతకు ఉన్న నాలుగు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తున్నాను. అవి అప్పటికే బిగించి ఉన్నాయి. ఆమె మిషన్ ఆన్ చేయబోయి ఆగింది. తన సంచిలోంచి డయల్ గేజి తానే తీసింది. స్పిండిల్‌కు ఆనించి తిప్పింది. ముల్లును చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నాలుగో బోల్టు మీద ఉన్నాను.

తిడుతుందనుకున్నాను. అయిదేళ్ల కష్టం ఆ డబ్బాలో ఉన్నది. ఆమె నల్ల ముక్కను దూదిలో పెట్టి మూత వేసి, మామూలు గొంతుతో అడిగింది.

"బేరింగులు యాడ దొరకతాయి మామా?"

అంతే. ఆ రోజు గానీ, తర్వాత గానీ, మా అక్కతో గానీ, మా ఆవిడతో గానీ ఒక్క మాట అనలేదు.

పుస్తకం బైండు చేయించి ఒక ప్రతి నాకు ఇచ్చింది. ముందు పేజీల్లో కృతజ్ఞతలు రాసిన చోట, గైడు తర్వాత, పుంగనూరు భాయ్ తర్వాత, ఒక వాక్యం ఉంది. యంత్రంలోని లోపాన్ని ముందుగానే దాచకుండా తెలియజేసిన మా మామయ్యకు, అని. ఇంగ్లీషులోనే ఉంది గానీ ఆ మాత్రం నాకు చదవడం వచ్చు. ఎగతాళి చేస్తోందేమో అని మూడుసార్లు చదివాను. వారం రోజులు ఓర్చుకుని, ఒక ఆదివారం వాళ్లింటికి పోయి, పుస్తకం ముందు పెట్టి అడిగాను.

"ఇది తప్పు గదమ్మా. నేను సెప్పలేదు."

"తెలుసు."

"మరి యాల రాసినావు?"

ఆమె నా ముందు కాఫీ గ్లాసు పెట్టి, పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఉండనీలే మామా," అంది. "నువ్వు నిజం సెప్పినట్టు యాడో ఒక సోటన్నా రాసి ఉండాల గదా."